పై గొంతు

ఆ శనివారం మధ్యాహ్నం మూడున్నరకి వీరరాఘవరావుగారి కారు ఉమ్ అల్ క్వైన్‌లో ఎలినార్ మేడమ్ విల్లా ముందు ఆగింది. 2023 ఆగస్టు. ముందు సీట్లో శ్రీసుధ, వెనక సీట్లో సుభద్ర, సనావుల్లా. డిక్కీలో దారిలో కొన్న సమోసాలు, ఫ్లాస్కు నిండా టీ. బయట దుమ్ముగాలి మొదలైంది, ఎండ గోధుమరంగులోకి తిరిగింది.

సుభద్ర దిగి ఆ గేటు వంక చూసింది. పద్నాలుగేళ్ళు ఆ గేటు లోపల పనిమనిషిగా బతికింది. ఇప్పుడు షార్జాలో ఒక క్రెష్‌లో ఆయాగా చేస్తోంది, సొంత వీసా. రోలాలో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక గది. పాస్‌పోర్టు తన పెట్టెలో, తన తాళం కింద ఉంది. ఇవాళ వచ్చింది తన వయొల్ తీసుకుపోవడానికి. ఆ తర్వాత ఈ గేటుతో ఖలాస్.

వయొల్ అంటే ఏమిటని రోలా గదిలో ఆడవాళ్ళు అడిగితే సుభద్ర ఓపిగ్గా చెప్పేది. వయొలిన్‌కి పెద్దక్క అనుకోండి. భుజం మీద కాదు, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించాలి. ఆరు తీగలు, గొర్రె పేగుతో చేసినవి. వీణకి ఉన్నట్టు మెట్లుంటాయి. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఐదారుగురు కలిసి ప్రేమ పాటలు, ఏడుపు పాటలు పాడుకునేవాళ్ళట, వాటిని మాడ్రిగల్ అనేవాళ్ళు. ఇంగ్లండు వాళ్ళకి ఆ పాటలు తెగ నచ్చేశాయి. మాటలు తీసేసి వయొల్స్ మీద వాయించుకున్నారు, ఆ పోకడలోనే కొత్తవీ కట్టుకున్నారు. కచేరీ కాదు. ఇంట్లో గుండ్రంగా కూర్చుని, తమకోసం తాము. ఒకరు ఒక మాట అన్నట్టుగా మొదలెడితే రెండోవాళ్ళు అదే అందుకుంటారు, తర్వాత మూడోవాళ్ళు. ఎవరి పుస్తకం వాళ్ళది. అందులో తన ఒక్క గొంతే ఉంటుంది, పక్కవాళ్ళ సంగతి చెవితో తెలుసుకోవాల్సిందే.

"ఇందులో పెద్దా చిన్నా లేదు. ఐదు గొంతులూ సమానం" అని మేడమ్ ప్రతి వారం చెప్పేది. అదే నోటితో, వాయిస్తూ వాయిస్తూ మధ్యలో, "సూజీ, వాటర్" అనేది. సూజీ అంటే సుభద్రే. సుభద్ర అన్న పేరుకి నోరు తిరగదని మొదటి రోజే మార్చేసింది మహాతల్లి. ఇటలీ పాటల పేర్లకి మాత్రం ఆ నోరు ఎన్ని వంకర్లయినా తిరిగేది. సుభద్ర "యెస్ మేడమ్" అని కమాను పక్కన పెట్టి లేచి వెళ్ళేది. తిరిగొచ్చేసరికి తన వంతు దాటిపోయి ఉండేది.

అయినా ఆ మధ్య గొంతు వయొల్ అంటే సుభద్రకి ప్రాణం. 2020లో అన్నీ మూసేసినప్పుడు, అది వాయించే ఆయన ఊరికెళ్ళి చిక్కుకుపోయాడు. ఒక గొంతు తగ్గితే మేడమ్‌కి నిద్ర పట్టదు. ఇంట్లో ఉన్న మనిషి సుభద్ర ఒక్కతే. వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టి నేర్పింది. మూడు నెలల్లో సుభద్ర వాయించేసింది. అన్నేళ్ళూ గిన్నెలు తోముతూ విన్నదంతా చేతుల్లోకి వచ్చేసిందని మేడమ్ కూడా ఒప్పుకుంది. ఆ సంతోషం ఆవిడ ఇచ్చిందే, కాదనడానికి లేదు. సుభద్రకి ఆవిడ మీద ఉన్న కోపం అంతా ఒకే ముద్దలా లేకపోవడానికి కారణం అదే.

మేడమ్ ఏప్రిల్‌లో పోయింది. ఒకప్పుడు గాయనట. గొంతుకి ఆపరేషన్ అయ్యాక పాట పోయి, ఆ పై గొంతుని వయొల్ మీద వాయించేది. "మాటలు లేవు, మాటలు లేవు" అని చివరి రోజుల్లో కూడా గొణిగింది. సోమవారం విల్లా ఖాళీ చేస్తారు. ఇంగ్లండులో ఉన్న కొడుకు ఫోన్‌లో, మధ్య గొంతు వయొల్ సుభద్రదేనని అమ్మ రాసిపెట్టింది, వచ్చి పట్టుకెళ్ళమన్నాడు. వీరరాఘవరావుగారు అన్నిటికన్నా కింది గొంతు, బాస్ వయొల్ వాయిస్తారు, షార్జాలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. అందరం కలిసి వెళ్ళి చివరిసారి వాయిద్దామన్నది ఆయన ఆలోచన.

తలుపు తీసింది పేరమ్మ. సుభద్ర మానేశాక పనిలోకి వచ్చిన పిల్ల, రాజోలు దగ్గర ఊరు. వంటగది కిటికీ దగ్గర నిలబడి పిలిస్తే వీధి చివర కిరాణా కొట్టువాడు పలికేంత గొంతు. అలాంటిది ఇవాళ పెదాలు కదిలాయి గానీ మాట వినపడలేదు. సుభద్ర దగ్గరికి జరిగింది.

"ఏవయ్యిందే?"

"గొంతు పోయిందక్కా." గాలి తప్ప అందులో శబ్దం లేదు. "పదిహేను రోజులయ్యింది. డాట్రు చూసేడు. అంతా బానే ఉందంటన్నాడు."

వెనకనుంచి శ్రీసుధ తల ఊపింది. ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు, రెండో పై గొంతు వాయిస్తుంది. "థైరాయిడ్ టెస్టు చేయిద్దాం పేరమ్మా, రేపు నాతో రా" అని లోపలికి వెళ్ళింది. పేరమ్మ సుభద్ర చెయ్యి వదల్లేదు, వంటగదిలోకి లాక్కుపోయింది.

"థైరాయిడు కాదక్కా. మద్దేనం పూట మేడమ్ పిలుస్తాది. అరే సూజీ, వాటరూ... అని. నేననుకున్నా ఎవరో వచ్చేరని. అలవాటుగా 'యెస్ మేడమ్' అనేసేను." పేరమ్మ గొంతు మీద వేలు పెట్టుకుంది. "అదే ఆఖరు మాట. ఇంక రాలేదు."

పేరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళో కూతురు చిన్నికి ఐదేళ్ళు. రోజూ పొద్దున్నే ఫోన్‌లో తల్లి మాట వింటే గానీ బడికి కదలదు. ఇప్పుడు ఫోన్‌లో వినపడేది ఒట్టి గాలి. నువ్వు మా అమ్మవి కాదని పిల్ల ఫోన్ పెట్టేస్తోందట.

"నువ్వు మాత్రం పలక్కక్కా. ఏది పిలిచినా పలక్కు."

"నేను పలకను" అంది సుభద్ర. "నన్నెవరూ పిలవక్కర్లేదు. నా వయొల్ తీసుకుంటాను, పోతాను."

*

హాల్లో ఎండ పడకుండా పరదాలు దించి ఉన్నాయి. ఒక్క దీపం. పేగు తీగలకి బయటి చెమ్మ పడదని ఏసీ ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. ఏసీ మోత, కిటికీలకి ఇసుక కొడుతున్న చప్పుడు. గదిలో కమాన్లకి రాసే రాళమైనం వాసన. దాని కింద మరో వాసన కూడా ఉంది. మేడమ్ చప్పరించే గొంతు బిళ్ళలది, లవంగం, యూకలిప్టస్.

బల్ల చుట్టూ ఐదు కుర్చీలు వేశారు. సనావుల్లా కడప మనిషి, అజ్మాన్‌లో ఫర్నిచర్ పని. ఈ వయొల్స్ బాగుచెయ్యడానికి వచ్చి వాయించడం నేర్చుకుని ఉండిపోయినవాడు. నాలుగు వయొల్స్ శ్రుతి చేసి ఆగాడు.

"మేడమ్‌ది కూడా శ్రుతి చెయ్యవయ్యా" అన్నారు వీరరాఘవరావుగారు. "ఆవిడ పుస్తకం తెరిచి కుర్చీ ముందు పెడదాం. పై గొంతు ఖాళీగా వదిలేసి మనం నలుగురం వాయిద్దాం. నివాళిగా ఉంటుంది."

"వద్దు సార్. రాని మనిషి వయొల్ తీగలు దించి పెట్టేది గదా మన అలవాటు. బిగించి పెడితే..."

"పెడితే ఏమవుతుంది?"

సుభద్ర నోరు తెరిచింది. "వద్దండి, గురువుగారూ. ఆయన చెప్పింది నిజవండి. తీగలు దించేద్దాం."

"ఒక్క పాటేనమ్మా. ఆవిడ పెట్టిన భిక్షే కదా మనకిది."

భిక్ష అన్న మాట సుభద్రకి చురుక్కుమంది. కానీ పెద్దాయన కళ్ళలో నీళ్ళున్నాయి. ఊరుకుంది. అదే ఆమె చేసిన తప్పు. సనావుల్లా మేడమ్ వయొల్‌ని శ్రుతి చేసి, కుర్చీకి ఆనించి, కమాను అడ్డంగా పెట్టి, పుస్తకం తెరిచాడు.

మొదలెట్టారు. బాస్ ముందు పలికింది, తర్వాత సనావుల్లా, తర్వాత సుభద్ర, ఆపైన శ్రీసుధ. ఒక్కొక్కరూ అదే దిగులు మాటని తమ ఎత్తులో అందుకున్నారు. పై గొంతు రావాల్సిన చోట ఏమీ రాలేదు. ఆ ఖాళీలో మేడమ్ వయొల్ సన్నగా గుయ్యిమంది.

శ్రీసుధ ఉలిక్కిపడింది. వీరరాఘవరావుగారు వాయిస్తూనే చిన్నగా నవ్వారు. శ్రుతి చేసిన వాయిద్యం పక్కన అదే స్వరం పలికిస్తే ముట్టుకోకపోయినా మోగుతుంది. అందరికీ తెలిసిన సంగతే. భయపడాల్సిందేమీ లేదు.

సుభద్ర చెవి మాత్రం ఆ మోత మీదే ఉంది. ఇప్పుడు తను వాయిస్తున్నది ఒక స్వరం. శ్రీసుధది మరొకటి. సనావుల్లాది ఇంకొకటి. మేడమ్ తీగ పలుకుతున్న స్వరం... నలుగురిలో ఎవరి దగ్గరా లేదు.

తర్వాత అది పాడటం మొదలెట్టింది.

ముందు మాట కాదు, ఊపిరి. ఆ తర్వాత మాటలు. ఇటలీ మాటలే అయ్యుండాలి. కానీ ఆ ఇటలీ మాటల్లో కోనసీమ సాగదీత ఉంది. చివర్లు పైకి లేచే తీరు... 'ర' దొర్లే తీరు... వీధి చివర కిరాణా కొట్టుకి వినపడే గొంతు అది.

పేరమ్మ గొంతు.

సుభద్ర వాయించడం ఆపేద్దామనుకుంది. చెయ్యి ఆగలేదు. కమాను దానంతటదే అటూ ఇటూ వెళ్తోంది. తలెత్తి చూసింది. శ్రీసుధ పుస్తకంలోకి చూస్తోంది, రెప్ప వెయ్యడం లేదు. సనావుల్లా పెదాలు కదుల్తున్నాయి, ఏదో దువా చదువుతున్నట్టున్నాడు. వీరరాఘవరావుగారి మొహం బూడిద రంగులో ఉంది.

పాట చివరికి వచ్చింది. చివర్లో మళ్ళీ మొదటికి వెనక్కి తిరిగే గుర్తు ఉంది, ఒక్కసారికే వాయించి ఆపేద్దామని ముందే అనుకున్నారు. పై గొంతు ఆగలేదు. వెనక్కి తిరిగింది. నలుగురి చేతులూ దానివెంటే వెనక్కి తిరిగాయి.

రెండోసారి. మూడోసారి. నాలుగోసారి.

"సుభద్రక్కా..." సనావుల్లా గుసగుసగా అన్నాడు. "చెయ్యి నిలబడటంల్యా."

శ్రీసుధ వేలు తెగి మెట్ల మీద రక్తం పడుతోంది. ఆమె ఏడుస్తోంది. చెయ్యి మాత్రం తప్పు లేకుండా వాయిస్తోంది. వీరరాఘవరావుగారి తల ముందుకి వాలుతోంది, మళ్ళీ లేస్తోంది. ఆయనకి గుండె జబ్బు. ఇంకో రెండుసార్లు తిరిగితే ఆయన ఉండరు. సుభద్రకి అది స్పష్టంగా అర్థమయింది.

ఐదోసారి మధ్యలో ఆ గొంతు పాట ఆపి, చాలా మామూలుగా, చాలా దగ్గరగా అంది.

"సూజీ... వాటర్."

సుభద్ర కాళ్ళు లేవబోయాయి. పద్నాలుగేళ్ళ అలవాటు ఊరికే పోతుందా. నోరు తెరుచుకుంది. "యె..." దాకా వచ్చింది. నాలుక కొరుక్కుంది. నోట్లో ఉప్పగా రక్తం.

లేవను, అనుకుంది. పద్నాలుగేళ్ళు లేచాను, ఇవాళ లేవను. అప్పుడు నా పాస్‌పోర్టు నీ బీరువాలో ఉంది కాబట్టి లేచాను. ఇప్పుడేముంది నీ దగ్గర?

"సూజీ."

ఉందిలే. పేరమ్మ గొంతుంది. ఐదేళ్ళ పిల్లకి పొద్దున్నే కావాల్సిన గొంతు దీని దగ్గరుంది. తన గొంతు మిగుల్చుకుని ఇక్కడ్నుంచి బయటపడితే చాలని ఇందాకటిదాకా అనుకుంది సుభద్ర. ఇప్పుడు ఆ ఒక్కటే చాలదనిపించింది. భయంతో పాటే కోపం కూడా వచ్చింది, దాన్నే గట్టిగా పట్టుకుంది.

ప్రతి ఒక్కరి పుస్తకంలోనూ కొన్ని చోట్ల విరామం ఉంటుంది. ఆ సమయంలో వాయించకూడదు, లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. సుభద్ర పుస్తకంలో, పాట సగం దాటాక, ఎనిమిది లెక్కల విరామం ఉంది. ఐదుసార్లు గమనించింది. ఆ ఎనిమిది లెక్కలూ తన చెయ్యి తనదే.

ఆరోసారి ఆ చోటు వచ్చింది.

ఒకటి. కమాను బల్ల మీద పెట్టింది. రెండు. వయొల్‌ని కుర్చీకి ఆనించింది. మూడు. లేచింది. ఇది నువ్వు పిలిస్తే లేవడం కాదు, గుర్తుపెట్టుకో. నాలుగు... ఐదు... బల్ల చుట్టూ తిరిగింది. ఆరు. మేడమ్ వయొల్ మెడ పట్టుకుంది, ఏప్రిల్ నుంచీ ఎవరూ వాయించని ఆ కర్ర వేడిగా ఉంది. ఏడు. ఆవిడ కమాను అందుకుని మేడమ్ కుర్చీలో కూర్చుంది.

కుర్చీ కుర్చీలా లేదు. ఎవరి ఒళ్ళోనో కూర్చున్నట్టుంది. తొడల కింద సన్నటి తొడలు, మోకాళ్ళ పక్కన చల్లటి మోకాళ్ళు. మెడ వెనక గొంతు బిళ్ళల వాసన.

ఎనిమిది.

సుభద్ర పై గొంతు వాయించడం మొదలెట్టింది. ఆ వయొల్‌ని తుడవడానికి తప్ప ముట్టుకోనిచ్చేది కాదు మేడమ్. అయితేనేం, ఆ గొంతులో ప్రతి మలుపూ సుభద్రకి తెలుసు. వంటగదిలో నిలబడి పద్నాలుగేళ్ళు విన్నది. ఆమె వేళ్ళ మీద ఇంకెవరివో వేళ్ళు వచ్చి పడ్డాయి, సన్నగా, ఎముకల్లా. పక్కకి లాగుతున్నాయి. సుభద్ర తీగని ఇంకా గట్టిగా నొక్కింది. గిన్నెలు తోమిన వేళ్ళవి. వాటి ముందు ఆ వేళ్ళెంత?

చెవి పక్కనే పాట తడబడింది. తను పాడాల్సిన ప్రతి స్వరం దగ్గరా సుభద్ర ముందే నిలబడి ఉంటే, దానికి నిలబడే చోటు లేకుండా పోయింది.

"సూజీ... సూజీ..."

బదులిస్తే ఏమవుతుందో సుభద్రకి తెలుసు. పోతే పోయింది అనుకుని, వాయిస్తూనే, హాలంతా వినపడేలా చెప్పింది.

"సూజీ లేదు. ఎప్పుడూ లేదు. నా పేరు సుభద్ర. ఆ గొంతు పేరమ్మది. దానికి కూతురుంది, మాట్లాడుకోవాలి. వదులు!"

వెనక్కి తిరిగే గుర్తు వచ్చింది. నలుగురూ పై గొంతుని చూసే తిరుగుతారు. సుభద్ర తిరగలేదు. ముందుకే వెళ్ళింది. చివరి స్వరం పట్టుకుని, కమాను అంచు దాకా లాగి, ఆపింది.

అందరూ ఆగారు.

ఏసీ మోత. కిటికీ మీద ఇసుక. సుభద్ర కింద ఇప్పుడు ఉన్నది ఒట్టి చెక్క కుర్చీ.

వంటగదిలో ఏదో గిన్నె పడింది. ఆ వెంటనే, "అక్కోయ్! సుభద్రక్కా! వచ్చేసిందే, నా గొంతు వచ్చేసిందే!" అని పేరమ్మ పెట్టిన కేకకి దీపం అద్దం కూడా అదిరింది. సుభద్ర వయొల్ ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుపులో తన గొంతు తనకి వినపడుతోంది, అందుకని ఇంకాస్త ఏడ్చింది.

*

వీరరాఘవరావుగారికి మాత్ర వేసి, నీళ్ళు తాగించి, సోఫాలో పడుకోబెట్టారు. శ్రీసుధ వేలికి కట్టు కట్టుకుంది. పేరమ్మ ఊరికి ఫోన్ చేసి కూతురితో మాట్లాడుతోంది, ఎంత గట్టిగానంటే ఫోన్ లేకపోయినా ఊరికి వినపడేటట్టు. ఈ రాత్రి ఆమె శ్రీసుధ ఇంట్లోనే పడుకుంటుందని అనుకున్నారు.

సనావుల్లా మేడమ్ వయొల్ తీగలన్నీ దించేశాడు. తర్వాత సుభద్ర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఒకమాట. నువ్వు ఆ కుర్చీలేకి పోయినంక... నీ మధ్య గొంతు ఎవరు వాయించినారు?"

"ఎవరూ వాయించలేదు. వయొల్ కుర్చీకి ఆనించి పెట్టాను కదా."

"నా పక్కనే కూసోనుంటివి నువ్వు. నీ కుర్చీ తట్టు సూడల్యా నేను, భయమైతాండె. కానీ విన్న్యా. చివరిదాకా వచ్చింది. ఐదు గొంతులూ ఉన్న్యాయి."

సుభద్ర గుర్తుచేసుకుంది. నిజమే. పై గొంతు వాయిస్తున్నప్పుడు కింద నాలుగూ వినపడ్డాయి. ఎక్కడా ఖాళీ లేదు. ఇద్దరూ ఆ కుర్చీ వంక చూశారు. వయొల్ పెట్టినచోటే ఉంది. కమాను మాత్రం, ఆమె బల్ల మీద పెట్టిన కమాను, కుర్చీ మీద ఉంది.

"వదిలెయ్యక్కా దాన్ని. మనకొద్దు."

"ఎందుకు వదిలెయ్యాలి? నాది" అంది సుభద్ర. పాత చెక్కపెట్టె తెచ్చి, వయొల్ తుడిచి అందులో పెట్టి, రెండు గొళ్ళేలూ వేసింది.

రోలాలో కారు దిగేసరికి ఏడు దాటింది. గాలి ఆగిపోయింది, వీధంతా జనం, బస్సులు, షవర్మా వాసన. సాయం వస్తానన్న సనావుల్లాని వద్దని పంపించేసింది. బిల్డింగులో లిఫ్టు పనిచెయ్యడం లేదు. మూడు అంతస్తులు. టేకు పెట్టె, లోపలి బరువుతో కలిపి ఒక బియ్యం బస్తా అంత ఉంటుంది. రెండు చేతులతో ముందు పిడి పట్టుకుని, వెనక భాగం మెట్ల మీద ఈడుస్తూ ఎక్కడం మొదలెట్టింది.

మొదటి అంతస్తు మలుపులో పెట్టె బరువు తగ్గింది. వెనక భాగం మెట్లకి తగలడం మానేసింది. ఇంటామె సామాను వెనకనుంచి పనిమనిషి పట్టుకుని మోస్తే ఎలా ఉంటుందో అలా.

సుభద్ర ఆగింది. పెట్టె కూడా ఆగింది. మెట్ల దీపం కింద తన నీడ ఒక్కటే ఉంది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి. పిడి మాత్రం వదల్లేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు.

"గోడకి తగలనీయకు" అంది.

మూడో అంతస్తు దాకా పెట్టె గోడకి తగల్లేదు.